కార్డు అయితే మూడు పర్సెంట్

మార్కాపురంలో ఆ ట్రావెల్స్ దుకాణం ముందునుంచి నడవాల్సి వస్తే ఇప్పటికీ నేను రోడ్డు దాటి అవతలి పక్కకు పోతాను. భయపడి కాదు, రోత పుట్టి. గాజు తలుపు మీద విమానం బొమ్మ, లోపల ఏసీ, బల్ల మీద స్వైపు మిషను. ఆ మిషను అడుగున ఒక చీటీ అతికించి ఉంటుంది: "కార్డు అయితే 3% ఎక్స్‌ట్రా." బల్లకే అతికించారు గానీ, మిషను ఎప్పుడూ దాని మీదే కూర్చుని ఉంటుంది. మీరు కార్డు పెట్టి నంబరు నొక్కి, అతను మిషను ఎత్తి రసీదు చింపేటప్పటికి గానీ ఆ చీటీ కనపడదు. అడిగితే రాసి పెట్టానుగా అంటాడు.

నేను పదమూడేళ్ళుగా మస్కట్‌లో ఒక ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తున్నాను. దుప్పట్లు, గౌన్లు, రక్తం మరకలు. నా చదువుకు దొరికిన ఉద్యోగం అది, దానితో నాకేమీ పేచీ లేదు. పోయిన కొత్తలో అక్కడొక దుకాణంలో ఇస్త్రీపెట్టె కొన్నాను. కార్డు ఇస్తే దుకాణంవాడు అసలు ధర కంటే నాలుగు నాణేలు ఎక్కువ లాగాడు. నాతో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆమె బిల్లు చూసి, కార్డుకని ఇట్లా ఎక్కువ తీసుకోకూడదు, ఫిర్యాదుల నంబరుకు ఫోన్ చెయ్యమంది. వచ్చీరాని అరబ్బీలో, వచ్చీరాని ఇంగ్లీషులో ఫిర్యాదు చేశాను. వారం తిరక్కముందే ఆ దుకాణంవాడే నన్ను పిలిచి, కుర్చీ వేసి, ఆ నాణేలు నా చేతిలో పెట్టి సారీ చెప్పాడు. పరాయి దేశంలో గౌన్లు ఉతుక్కునేదానికి ఒక దుకాణదారుడు సారీ చెప్పాడు! ఆ రోజు గదికి పోయి ఏడ్చాను, సంతోషంతోనే.

ఆ నాణేలు ఖర్చు పెట్టలేదు. ఒక చిన్న డబ్బాలో వేసి ఊరికి తెచ్చుకున్నాను. సెలవుకు వచ్చిన ప్రతిసారీ ఆ కథ చెప్పేదాన్ని. చర్చి మెట్ల మీద చెప్పాను, బస్సులో చెప్పాను, పెళ్ళిళ్ళలో చెప్పాను. మా తమ్ముడైతే నేను "ఇస్త్రీపెట్టె" అనగానే లేచి బయటికి పోయేవాడు.

ఆ తమ్ముడు పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే పనిచేసేవాడు. ఆ దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇప్పుడు పది అడుగులు గట్టిగా నడిస్తే గోడ పట్టుకుని నిలబడతాడు. ఇల్లు గడవాలంటే వాడి భార్య, అంటే మా మరదలు, గల్ఫ్‌కు పోవాల్సిందే అని తేలింది. మస్కట్‌లో ఒక పెద్దామెను చూసుకునే పని నేనే కుదిర్చాను. మంచి ఇల్లు, వేళకు తిండి, వేళకు జీతం. వీసా కూడా వచ్చింది. అయితే దానికొక గడువు ఉంది. ఫలానా బుధవారం దాటేలోపు ఆ దేశంలో అడుగు పెట్టకపోతే ఆ వీసా చెల్లదు, ఆ ఇంటివాళ్ళు ఇంకొకరిని పెట్టుకుంటారు. నేను సెలవు మీద ఊళ్ళోనే ఉన్నాను కాబట్టి టికెట్ నా మస్కట్ క్రెడిట్ కార్డు మీద కొంటానని మాట ఇచ్చాను.

ఇక్కడ మా ఊళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. మావైపు క్రైస్తవుల ఇళ్ళల్లో ఎవరైనా గల్ఫ్‌కు పోతుంటే ప్రయాణం ప్రార్థన పెడతారు. ఇంటి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, అందరికీ భోజనాలు. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి దాని మీద పాస్‌పోర్టు పెడతారు. పాస్టరు అయ్యగారు దాని మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేస్తారు. పోయే మనిషిని నిలబెట్టి, ఏ రోజు పోతున్నదో అందరికీ చెబుతారు. అట్లా చెప్పాక ఆ మనిషి ఆ రోజు ఊరు దాటి తీరాలి. దాటకపోతే కుళాయి దగ్గర, చర్చి దగ్గర, "ఇంకా పోలేదా?" అని అడిగి అడిగి చంపేస్తారు. వీసా దొంగదంట, మెడికల్‌లో ఏదో రోగం బయటపడిందంట అని సాయంత్రానికల్లా కథలు పుడతాయి. మా ఊరతను ఒకడు విమానాశ్రయం దాకా పోయి వెనక్కి తిరిగి వచ్చి, ఊళ్ళో మొహం చూపించలేక కనిగిరిలో బంధువుల ఇంట్లో నెల్లాళ్ళు దాక్కున్నాడు.

ఇంత తెలిసీ మేము చేసే పని చూడండి. ప్రార్థన ముందు పెడతాం, టికెట్ తర్వాత కొంటాం. టికెట్ చేతిలో పెట్టుకుని ప్రార్థన చేస్తే ఇంక దేవుణ్ణి అడిగేదేముంది అని మా పెద్దల వాదన. మస్కట్‌లో పదమూడేళ్ళు ఉండి వచ్చిన నేను కూడా ఆ మాటకు తల ఊపాను. "సీటు బ్లాక్ చేసి పెట్టాను, డబ్బు శుక్రవారం కట్టినా చాలు" అని ట్రావెల్స్ అతను చెప్పి ఉండడంతో ఎవరికీ అనుమానం రాలేదు.

గురువారం సాయంత్రం ప్రార్థన జరిగింది. ట్రావెల్స్ అతన్ని పిలవకపోతే బాగుండదని పిలిచాం. ముందు వరసలో కూర్చోబెట్టాం. అయ్యగారు ముగించబోతుంటే నేను లేచి మైకు తీసుకున్నాను. ఎవరూ అడగలేదు, నాకే దురద. "మా మరదలు శనివారం బయలుదేరుతుంది, ఆదివారం విమానం, టికెట్ ఖర్చంతా నా మస్కట్ కార్డు మీదే" అని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలోంచి అందరికంటే గట్టిగా వినపడిన చప్పట్లు ట్రావెల్స్ అతనివి.

శుక్రవారం పొద్దున పాపను పంపించాం. మా తమ్ముడికి ఐదేళ్ళ కూతురు. తల్లి సూట్‌కేసు తీసుకుని పోతుంటే చూసి తట్టుకోలేదని, ముందురోజే దొనకొండలో అమ్మమ్మ దగ్గర దించాలని అనుకున్నాం. ఆ ఇల్లు రైలు పట్టాల పక్కనే. పాపకు అక్కడ ఒకటే ఆట, పోయే ప్రతి రైలుకూ చెయ్యి ఊపడం. ఆ పొద్దున రైళ్ళ మాట చెప్పినా వినలేదు. తల్లి మెడ పట్టుకుని వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. మరదలి వల్ల కాలేదు, తమ్ముడు మొహం తిప్పుకున్నాడు. ఆ వేళ్ళు విప్పింది నేనే. తమ్ముడు పాపను బండి మీద కూర్చోబెట్టుకుని పోయాక, నేనూ మరదలూ ఆటో ఎక్కి మార్కాపురం పోయాం.

"రాండి అక్కా, రాండి," అని ట్రావెల్స్ అతను లేచి నిలబడ్డాడు. "నిన్న ప్రార్థన ఎంత బాగా జరిగినాదో. నాకైతే కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి."

టీ తెప్పించాడు. నేను కార్డు తీసి, ఎందుకో మిషను కొంచెం పక్కకు జరిపాను. చీటీ బయటపడింది.

"ఇదేంది?" అన్నాను.

"కార్డుకు మూడు పర్సెంట్ అక్కా. బ్యాంకోళ్ళు మా దగ్గర పట్టుకుంటారు."

"బ్యాంకు నీ దగ్గర పట్టుకుంటే నా దగ్గర ఎట్ల తీస్తావు? నీ దుకాణం కరెంటు బిల్లు గూడా నేనే కట్టాల్నా?"

"అందరూ తీసుకుంటారక్కా. నగల షాపోళ్ళు తీసుకుంటారు, ఆస్పత్రోళ్ళు తీసుకుంటారు. మీకేంది, ఫారిన్ డబ్బులు."

ఫారిన్ డబ్బులట! అక్కడి వేడిలో, ఆవిరిలో నేను పిండిన దుప్పట్లు ఈ మనిషి ఏసీ గదిలోకి వచ్చేసరికి ఫారిన్ డబ్బులయ్యాయి. ఒళ్ళు మండిపోయింది. "సరే, తీసుకో," అన్నాను. "టికెట్ ఇంత, కార్డు చార్జి ఇంత అని బిల్లులో రాసియ్యి."

నీళ్ళు నమిలాడు. "బిల్లులో అట్ల రాయరక్కా."

"ఎందుకు రాయరు?"

"మా సాఫ్ట్‌వేర్‌లో ఆ గడి లేదు."

నువ్వే ఫోన్‌లో కొనుక్కోవచ్చు కదా అంటారు. ప్రయత్నించాను. డబ్బు కట్టే దగ్గరికి వచ్చేసరికి ఓటీపీ మస్కట్ నంబరుకు పోతుంది, ఆ సిమ్ము ఇక్కడ పలకదు. మస్కట్ నుంచి తమ్ముడి ఖాతాలోకి పంపుదామంటే ఆ డబ్బు ఇక్కడ పడేసరికి శని, ఆదివారాలు దాటుతాయి. నంబరు నొక్కి గీకే మిషను ఒక్కటే దారి, ఆ దారికి అడ్డంగా ఈ మనిషి కూర్చున్నాడు. ఆ సంగతి అతనికీ తెలుసు. అందుకే నవ్వుతూ, ఏదో ఊరడిస్తున్నట్టు, అన్నాడు:

"ప్రార్థన గూడా అయిపోయింది గదక్కా. రేపు ఊరు దాటాల గదా."

అప్పుడర్థమైంది, ముందు వరసలో కూర్చుని అతను ఏం విన్నాడో. మేము దేవుడికి చెప్పుకున్న తేదీ, నేను మైకులో చెప్పిన కార్డు. రెండూ గుర్తు పెట్టుకుని, మా అన్నం తిని, చెయ్యి కడుక్కుని పోయాడు. ప్రార్థన పెట్టిన ఇంటివాళ్ళు బేరం ఆడరని అతనికి అనుభవం.

"వదినా, ఇచ్చెయ్యి," అంది మరదలు మెల్లగా. ఏడ్చిన కళ్ళు ఇంకా వాచే ఉన్నాయి. "నేను మొదటి జీతంలో తీరుస్తాలే."

"నువ్వు ఊరుకో మే," అన్నాను. "ఇది డబ్బు సంగతి గాదు."

నిజంగానే డబ్బు సంగతి కాదు. ఆ మూడు పర్సెంట్ మా భోజనాల్లో ఒక వరస మందికి అయిన ఖర్చు కూడా కాదు. నాకు కుర్చీ వేసి సారీ చెప్పించుకోవడం కావాలి. మస్కట్‌లో దొరికింది, సొంత ఊరి పక్కన దొరకదా అని పంతం. పొద్దుగూకేలోపు నోట్లే తెచ్చి నీ మొహాన కొడతానని చెప్పి, మరదల్ని చెయ్యి పట్టుకుని లాక్కుని బయటికి వచ్చాను.

మొదటి ఏటీఎం షట్టరు వేసి ఉంది. రెండోదాంట్లో డబ్బు లేదు. మూడోది నా కార్డుకు ఇచ్చినంత ఇచ్చి ఇంక ఇవ్వనంది, టికెట్‌లో సగం కూడా కాలేదు. చెట్టు నీడన నిలబడి ఏదో ఫిర్యాదుల నంబరుకు ఫోన్ చేశాను. చాలాసేపు పాట వినిపించాక ఒకమ్మాయి పలికింది. బిల్లు ఉందా అని అడిగింది. బిల్లు ఇవ్వననడమే కదమ్మా నా ఫిర్యాదు అన్నాను. మీరు ఎక్కడ ఉంటారు అంది. మస్కట్ అన్నాను. అయితే మీ బ్యాంకును అడగండి మేడమ్ అంది. మస్కట్ బ్యాంకుకు చేశాను, నిమిషానికి ఎంత పడుతుందో కూడా చూసుకోకుండా. డబ్బు కట్టారా అని అడిగారు. ఇంకా కట్టలేదు అన్నాను. కట్టాక రాతపూర్వకమైన రుజువుతో రాయండి, ఇండియాలో జరిగింది కాబట్టి అక్కడ కూడా అడిగి చూడండి అన్నారు. అక్కడివాళ్ళకు నేను ఇక్కడిదాన్ని, ఇక్కడివాళ్ళకు అక్కడిదాన్ని. మోసపోవడానికి మాత్రం రెండు చోట్లా పనికొస్తాను. మరదలు పాస్‌పోర్టు కవరు గుండెలకు ఆనించుకుని, నేను ఏ ఫోన్‌లో ఏం అరుస్తున్నానో అర్థం కాక, రోడ్డు మీద పోయే బస్సులను చూస్తూ నిలబడింది.

మూడు గంటలు పోయాయి. తిరిగి దుకాణానికి పోతే అతను కంప్యూటరు మా వైపు తిప్పాడు.

"సీటు పోయినాదక్కా. నేనేం చేసేది, మీరే పోతిరి."

నిజంగా పోయిందో, ఇంకొకరికి అమ్మాడో నాకు ఈనాటికీ తెలియదు. ఇంక మిగిలిన సీటు బుధవారం పొద్దుటిది. వీసాకు అదే ఆఖరి రోజు. ధర ఎక్కువ. మూడు పర్సెంట్ ఆ ఎక్కువ ధర మీద. మరదలు నావైపు చూడలేదు, బల్ల వైపు చూసింది. నేను కార్డు పెట్టి నంబరు నొక్కాను. లెక్క విడివిడిగా వాట్సాప్‌లో పంపమని మాత్రం అడిగాను. భయం లేని మనిషి, వెంటనే పంపాడు. టికెట్ ఇంత, కార్డు చార్జి ఇంత, కింద రెండు దండం బొమ్మలు.

ఇప్పుడు శనివారం ఏం చెయ్యాలి? నేరుగా ఊరికి పోయి, టికెట్ బుధవారానికి దొరికింది, ఇంకా నాలుగు రోజులు ఉంటుంది అని చెప్పొచ్చు. అంతే కదా. కానీ మైకులో చెప్పింది నేను. నా కార్డు గొప్ప నేనే చాటుకున్నాను. ఆ మాట వెనక్కి తీసుకోవాలంటే తల కొట్టేసినట్టు అనిపించింది. శనివారం పొద్దున ఊరంతా ఆటో దగ్గరికి వచ్చింది, అయ్యగారు ఇంకోసారి ప్రార్థన చేశారు, ఆడవాళ్ళు మరదల్ని పట్టుకుని ఏడ్చారు. విమానం ఎక్కించి వస్తానని చెప్పి నేనూ ఆటో ఎక్కాను. మేము చేతులు ఊపుతూ బయలుదేరి, మార్కాపురం బస్టాండు వెనక ఒక లాడ్జిలో దిగాం. తమ్ముడికి తప్ప ఎవరికీ తెలియదు. లాడ్జి బల్ల దగ్గర కార్డు తీస్తే మేనేజరు తల ఎత్తకుండానే, "కార్డయితే రెండు పర్సెంట్," అన్నాడు. ఏటీఎంలో తెచ్చిన నోట్లు అతని ముందు పడేశాను.

శని, ఆది, సోమ. మూడు రోజులు మరదలు ఆ గదిలోంచి బయటికి రాలేదు. మార్కాపురానికి మా ఊరివాళ్ళు రోజూ వస్తారు, ఎవరి కళ్ళబడినా అయిపోయినట్టే. నేనే కిందికి పోయి ఇడ్లీ, పెరుగన్నం తెచ్చాను. ముసుగు వేసుకుని, దొంగలాగా. గోడల మీద కిళ్ళీ ఉమ్మిన మరకలు, బాత్రూంలో ఆగకుండా కారే కుళాయి, నెత్తిన గరగర తిరిగే ఫ్యాను. లాండ్రీలో ఎన్నో చూశాను గానీ ఆ పరుపు మీది దుప్పటి చూస్తే నాకే చెయ్యి పెట్టబుద్ధి కాలేదు.

ఆదివారం మధ్యాహ్నం మరదలి ఫోన్ మోగింది. అమ్మమ్మ ఫోన్‌లోంచి పాప. విమానంలో ఫోన్ పలకదని వాళ్ళకు తెలియదు.

"అమ్మా, ఇమానం ఎక్కినావా?"

మరదలు నావైపు చూసింది. నేను ఎక్కినానని చెప్పమన్నట్టు తల ఊపాను.

"ఎక్కినా, బంగారూ."

"గరగర అంటాంది, ఏందది?"

"ఇమానం శబ్దం," అంది మరదలు, ఫ్యాను వైపు చూస్తూ. "శానా పైన ఉండా. కిందికి చూస్తే ఏం కనపడదు."

పాప నవ్వడం నాకూ వినపడింది. ఫోన్ పెట్టేశాక మరదలు గోడ వైపు తిరిగి పడుకుంది.

సోమవారం పొద్దున లేచి, జడ వేసుకుని, చీర మార్చుకుని నా ముందు నిలబడింది. "వదినా, దొనకొండ గంట గూడా లేదు. పోయి ఒకసారి చూసొస్తా. సాయంత్రానికల్లా వస్తా."

"పిల్ల ఏడ్చి ఏడ్చి ఇప్పుడిప్పుడే తేరుకున్నాది. మళ్ళీ ఏడిపిస్తావా?" అన్నాను. "ఇమానంలో ఉండానని చెప్పి ఇప్పుడు ఎట్ల పోతావు?"

సరైన మాటలే. ఏ ఇంట్లో పెద్దవాళ్ళయినా ఇట్లాంటి మాటలే చెబుతారు. కానీ నేను ఆ మాటలు పిల్ల కోసం చెప్పలేదు. దొనకొండలో తెలిస్తే ఆదివారానికల్లా మా చర్చిలో తెలుస్తుంది. మూడు పర్సెంట్ కోసం గొడవపడి సీటు పోగొట్టింది ఈమే అంటారు. అందుకు చెప్పాను. చెబుతున్నప్పుడే నా గొంతు నాకు అసహ్యంగా వినపడింది. ట్రావెల్స్ అతని గొంతులాగే మెత్తగా ఉంది. మరదలు మంచం మీద కూర్చుని జడ విప్పుకుంది.

మంగళవారం గుంటూరు ప్యాసింజరు ఎక్కాం. అక్కడ హైదరాబాదు బండి మారాలి. ప్యాసింజరు కాబట్టి ప్రతి స్టేషన్లోనూ ఆగుతుంది. దొనకొండ దగ్గరవుతుంటే మరదలు కొంగు తల మీదికి లాక్కుని, కళ్ళు మాత్రం కనపడేట్టు పట్టుకుని, కిటికీ పక్కకు జరిగింది. స్టేషన్ దాటిన కాసేపటికి ఆ ఇల్లు వచ్చింది. కంపచెట్ల కంచె, రెండు మేకలు, వాటి పక్కన గౌను వేసుకున్న పాప. రైలుకు చెయ్యి ఊపుతోంది. ఎవరికో కాదు, ఎప్పటిలాగే రైలుకు. మరదలి చెయ్యి కిటికీ ఊచల దాకా లేచింది. ఊచను పట్టుకుని అక్కడే ఆగిపోయింది. వినుకొండ దాకా ఆ ఊచ వదల్లేదు.

ఆమె బుధవారం మస్కట్‌లో దిగింది. సెలవు అయిపోయి నేనూ మస్కట్ పోయాను. అక్కడికి పోయాక తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు, చర్చిలో మా మరదలి క్షేమ ప్రయాణానికి స్తోత్రాలు చెల్లించారట. టికెట్ సకాలంలో ఇప్పించిన ట్రావెల్స్ అతనికి కూడా అయ్యగారు కృతజ్ఞతలు చెప్పారట. నాకు కంపరం పుట్టింది. ఇంకెవరికైనా ఇట్లా కాకుండా టికెట్ చేతికి వచ్చాకే ప్రార్థన పెట్టమని పెద్దలకు చెప్పరా అన్నాను. చెప్పినాను అక్కా, మీ అక్కకు మస్కట్ పోయినాక విశ్వాసం తగ్గిపోయినాదని పెద్దలు అన్నారు, అన్నాడు.

ఆ కోపంతోనే వాట్సాప్ లెక్కను స్క్రీన్‌షాట్ తీసి, ఫిలిప్పీన్స్ ఆమె చేత ఇంగ్లీషులో రాయించి, బ్యాంకుకు పంపాను. వాళ్ళు అడిగిన కాగితం అడిగినట్టల్లా ఇచ్చాను. రెండు నెలల పైన పట్టింది. ఒక మధ్యాహ్నం లాండ్రీలో గౌన్లు మడుస్తుంటే ఫోన్‌కు మెసేజి వచ్చింది. ఆ మూడు పర్సెంట్ నా ఖాతాలో తిరిగి పడింది. గెలిచాను! చేతులు తుడుచుకుని వెంటనే మరదలికి ఫోన్ చేశాను. ఒకే ఊళ్ళో ఉన్నా మేము కలిసేది తక్కువ, ఆమెకు పెద్దామెను వదిలి కదలడానికి ఉండదు.

"మే, వాడు తీసుకున్న మూడు పర్సెంట్ వెనక్కి వచ్చింది! బ్యాంకు వాళ్ళే తిరిగి వేసినారు!" అన్నాను. కార్డు, రుజువు, చట్టం, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పుకుంటూ పోయాను.

మరదలు చివరిదాకా వింది.

"వదినా," అంది. "ఆ మూడు దినాలు గూడా తిరిగి వేస్తారా?"

ఎత్తిపొడుపుగా అనలేదు. అట్లా అని ఉంటే ఎదురు మాట ఏదో దొరికేది నాకు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. వెంటనే పెద్దామె పిలుస్తోందని చెప్పి ఫోన్ పెట్టేసింది. మళ్ళీ గౌన్లు మడవడానికి కూర్చున్నాను. ఇస్త్రీపెట్టె కథ ఆ తర్వాత నేను ఎవరికీ చెప్పలేదు.